ఇంకుడు గుంతల ఇంజినీరు

నా ఉద్యోగం ఏమిటో అనంతపురంలో ఉన్న మా నాయనకి అర్థమయ్యేలా చెప్పడానికి మూడేళ్లు పట్టింది. స్టార్మ్‌వాటర్ అన్నాను, గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్నాను. తలూపి వేరే విషయంలోకి వెళ్లిపోయేవాడు. చివరికి ఒకరోజు వీడియో కాల్‌లో సైట్ చూపించాను. రోడ్డు వారగా లోతైన గొయ్యి, అడుగున కంకర, దాని పైన ఇసుక కలిపిన మట్టి, అందులో మొక్కలు. రోడ్డు మీద పడ్డ వాన ఇందులోకి వచ్చి నేలలోకి దిగిపోతుందని చెప్పాను. ఆయన కాసేపు చూసి, “ఇంకుడు గుంతలు తవ్వేదానికి అమెరికా పొయ్యేది యాలరా?” అన్నాడు.

ఆయన అనగలడు. పంచాయతీలో పనిచేసి రిటైరైన మనిషి. 2000లో ప్రభుత్వం నీటి సంరక్షణకి నీరు-మీరు కార్యక్రమం పెట్టినప్పుడు ఇంటింటికీ తిరిగి గుంతలు తవ్వించాడు.

నేనుండేది ఫిలడెల్ఫియాలో. పాత ఊరు కాబట్టి దాదాపు 60 శాతం ప్రాంతంలో మురుగుకీ వాననీటికీ కలిపి ఒకటే పైపు. మామూలు రోజుల్లో అదంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన కాస్త గట్టిగా పడినా పైపు పట్టదు. అప్పుడు ఆ కలగలిసిన నీళ్లు 164 చోట్ల డెలావేర్, స్కూల్‌కిల్ నదుల్లోకీ వాటి వాగుల్లోకీ పొర్లిపోతాయి. పైపులు పగిలిపోకుండా, నీళ్లు ఇళ్లలోకి ఎగదన్నకుండా అప్పట్లో కావాలనే అలా కట్టారు. ఊరు తాగేదీ ఆ రెండు నదుల నీళ్లే అని కొత్తలో తెలిసినప్పుడు, నెలరోజుల పాటు నీళ్ల బాటిళ్లు కొనుక్కుని తాగాను. ఇప్పుడు కుళాయి నీళ్లే తాగుతున్నాను లెండి.

చాలా ఊళ్లు ఈ పొర్లుడు ఆపడానికి భూమి అడుగున సొరంగాలు తవ్వాయి. ఫిలడెల్ఫియా 2011లో వేరే దారి పట్టింది. 25 ఏళ్లలో సుమారు 9,500 ఎకరాల కాంక్రీటు, తారు మీద పడే వానను పడిన చోటే పట్టి ఉంచాలని ఒప్పందం రాసుకుంది. ఎకరం మీద ఒక్క అంగుళం వాన అంటే లక్ష లీటర్ల పైమాటే. ఈ బాధ్యతలో కొంత భాగం కొత్తగా కట్టేవాళ్ల మీద పడుతుంది. ఎవరైనా 15,000 చదరపు అడుగులు, అంతకు మించి నేల కదిపితే, మొదటి ఒకటిన్నర అంగుళాల వాన సంగతి తమ స్థలంలోనే చూసుకోవాలి. ఎలా చూసుకుంటారో డ్రాయింగు గీసి చూపించడమే నా పని.

నా మొదటి డ్రాయింగు ఒక అపార్ట్‌మెంట్ వెనక రెయిన్ గార్డెన్‌కి, అంటే నాయనకి చూపించినలాంటి మొక్కల గుంతకి. మట్టి పరీక్షలో గంటకు రెండంగుళాలు ఇంకింది. లెక్కలు రెండుసార్లు సరిచూసుకున్నాను. కట్టడం అయ్యాక మొదటి వానకి నీళ్లు నిలిచాయి. నాలుగో రోజు వెళ్లి చూస్తే అలాగే ఉన్నాయి. 72 గంటల్లో ఖాళీ కావాలని రూలు, లేకపోతే దోమలు. ఎదురింటి పెద్దావిడ మెట్ల మీద కూర్చునే నన్ను పిలిచి, “హనీ, తోట వేస్తామని చెప్పి ఈత కొలను కట్టారేంటి?” అంది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తవ్వి చూస్తే సంగతి బయటపడింది. పనివాళ్లు ఎక్స్‌కవేటర్‌ని, అదే మన పొక్లెయినర్‌ని, గొయ్యి అడుగునే నిలబెట్టి తవ్వుకుంటూ వచ్చారు. ఆ బరువుకి నేల అరుగులా బిగిసిపోయింది. తప్పు వాళ్లదని రెండు రోజులు నిశ్చింతగా ఉన్నాను. మూడో రోజు మా సీనియర్ నా డ్రాయింగు టేబుల్ మీద పరిచి, “యంత్రం గొయ్యి బయటే ఉండాలని ఇందులో ఎక్కడ రాశావు?” అని అడిగింది. రాయలేదు. చెరువు కట్ట గట్టిపడాలంటే పశువులతో తొక్కించాలని మా తాత చెప్పగా చిన్నప్పుడే విన్నాను. ఇంకాల్సిన చోట తొక్కనివ్వకూడదని నాకు వేరే చెప్పాలా? అడుగు మట్టి మొత్తం వదులు చేయించడానికి ఇంకో నెల పట్టింది.

నాయనకి ఈ కథ బాగా నచ్చింది. ఆయన్ని నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం బిల్లు సంగతి. ఒకప్పుడు ఇక్కడ వాననీటి ఖర్చు కూడా నీళ్ల మీటరును బట్టే వసూలు చేసేవాళ్లు. ఎకరాల కొద్దీ తారు పోసిన పార్కింగ్ లాట్‌లో కుళాయి ఉండదు కాబట్టి బిల్లూ ఉండేది కాదు. ఊరి డ్రైనేజీలోకి ఎక్కువ నీళ్లు తోసేది అదే. 2010 నుంచి ఇళ్లు కాని స్థలాలకి లెక్క మార్చారు. స్థలం ఎంత, అందులో నీళ్లు ఇంకని భాగం ఎంత అని చూసి వేస్తారు. గుంతలు కట్టుకుని వాన పట్టుకుంటే తగ్గిస్తారు. పర్యావరణం గురించి నేనెంత చెప్పినా వినని యజమానులు, నెలనెలా తగ్గే డాలర్లు చూపిస్తే కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

ఇంకోటి కూడా ఉంది. గుంతని ఎవరు శుభ్రం చేయాలో, ఎలా చేయాలో రాసిన ఒప్పందం స్థలం దస్తావేజుతో పాటు రిజిస్టరవుతుంది. మన ఈసీలో తాకట్టు కనపడినట్టు ఇక్కడ రెయిన్ గార్డెన్ కనపడుతుంది. స్థలం అమ్మేసినా కొన్నవాడికి తప్పదు.

“మాకీ వాల్టా చట్టం 2002లోనే వచ్చింది గదరా” అన్నాడు నాయన. నీరు, నేల, చెట్ల రక్షణకి తెచ్చిన చట్టం అది. కాసేపాగి, “తవ్వినోళ్లం తవ్వినాం. ఫోటో తీసి బిల్లు పెట్టినాక మళ్లీ ఎవరూ తిరిగి చూళ్లేదు. సగం గుంతలు చెత్త కుండీలైనాయి” అన్నాడు. ఆ ఎవరూలో తనూ ఉన్నానని ఆయనే కలిపాడు.

ఇక్కడంతా సవ్యంగా ఉందని కాదు. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను వానకి స్కూల్‌కిల్ పొంగి, ఊరి మధ్యలో వైన్ స్ట్రీట్ ఎక్స్‌ప్రెస్‌వే కాలువలా నిండిపోయింది. మీ తోటలేం చేశాయని ఆ వారమంతా తెలిసినవాళ్లందరూ నన్నే అడిగారు. అంత వానకి అవి ఏమీ చేయలేవు. ఎగువ నుంచి వచ్చే నదిని వీధి చివరి మొక్కలు ఆపవు. ఏడాది పొడవునా పడే చిన్నా చితకా వానలకే అవి పనికొస్తాయి. పైపులు పొర్లేది కూడా ఎక్కువసార్లు ఆ వానలకే.

పోయిన అక్టోబరులో ఒకరోజు తెల్లవారకముందే ఫోను మోగింది. గుండె జారినంత పనైంది, ఆ వేళలో ఇంటి నుంచి ఫోను వస్తే అంతే. నాయనే. పెరట్లో మన గుంత పూడిక తీయించి, కంకర కడిగి మళ్లీ వేయించాడట. రాత్రి మంచి వానట.

“మీ రూలు ఎన్ని గంటలంటివి?”

“డెబ్బై రెండు.”

“మనది మధ్యాన్నానికే ఇంకిపాయరా.”

“ఎర్ర నేల కదా నాయనా, తాగేస్తుంది” అన్నాను.

“నేను పొక్లెయినరు ఎక్కించలేదు గదా” అన్నాడు.