గోరుతో గీస్తే గీత పడే రాయి

అలబాస్టర్ అంటే పాలరాయిలో ఇంకో రకం అనుకునేవాణ్ణి చాలా ఏళ్లు. అస్సలు కాదు. పైగా ఒకే పేరు మీద రెండు వేరే రాళ్లు చలామణీ అవుతున్నాయి, ఒకటి జిప్సం, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తయారయ్యే ఖనిజమే, రెండోది కాల్సైట్, సున్నపురాయికి చుట్టం. ఈజిప్టు అలబాస్టర్ అంటే కాల్సైట్, ఇంగ్లండ్ చర్చిల్లో బొమ్మలు, ఇటలీలో వోల్తెర్రా ఊళ్ళో చేసే సామాన్లు జిప్సం. తేడా కనుక్కోడానికి గోరు చాలు, జిప్సం మీద గీత పడుతుంది, కాల్సైట్ మీద పడదు (మ్యూజియంలో మాత్రం ట్రై చేయకండి బాబూ).

ఇంత మెత్తన కాబట్టే శిల్పులకి అంత ఇష్టం. కత్తితో కూడా చెక్కేయొచ్చు. వోల్తెర్రా చుట్టుపక్కల ఎట్రుస్కన్లు (రోమన్లకి ముందు ఇటలీలో ఉన్న జాతి) 2000 ఏళ్లకి ముందే చితాభస్మం దాచే పెట్టెలు దీంతో చేసుకున్నారు, ఇప్పటికీ ఆ ఊరు దీనికే ప్రసిద్ధి. ఇంకో ట్రిక్ ఉంది, ఈ రాయిని నీళ్లలో పెట్టి మెల్లగా దాదాపు మరిగే దాకా వేడి చేస్తే లోపలి పారదర్శకత పోయి అచ్చం పాలరాయిలా అయిపోతుంది. నాకైతే అది నచ్చదు, ఉన్న అందమే వెలుగు లోపలికి దిగడం, దాన్ని చంపేసి పాలరాయి వేషం వేయడం దేనికి?

ఆ వెలుగు కోసమే ఇటలీలోని రవెన్నాలో రోమన్ రాణి గల్లా ప్లాసిడియా పేరుమీదున్న సమాధి మందిరం కిటికీలకి అద్దాల బదులు పలచటి అలబాస్టర్ పలకలు పెట్టారు. కాకపోతే జిప్సం నీళ్లలో కరుగుతుంది, లీటరుకి సుమారు 2 గ్రాములు, అందుకే బయట వానలో విగ్రహం పెడితే అంతే సంగతులు. తడిగుడ్డతో తుడవడం కూడా వద్దంటారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఈజిప్టు ఫారో (రాజు) సేతి 1 శవపేటిక, ఇది కాల్సైట్ రకం. ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ 1817లో ఈజిప్టులో కనిపెట్టాడు, లోపల దీపం పెడితే రాయి మొత్తం వెలుగుతుందని రాశాడు. బ్రిటిష్ మ్యూజియం అంత డబ్బు పెట్టలేమంటే 1824లో లండన్ వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ 2000 పౌండ్లు పెట్టి కొనేసి, మరుసటి ఏడాది మూడు సాయంత్రాలు ఇంటినిండా దీపాలు పెట్టి జనాన్ని పిలిచి మరీ చూపించాడు. అప్పట్లో తెల్లగా, చెక్కిన అక్షరాల్లో నీలం రంగు నింపి ఉండేదట. లండన్ గాలికి ఇప్పుడది పసుపు తిరిగింది, నీలం కూడా చాలావరకు రాలిపోయింది.