మా మేడ మీద లైటు

చెన్నై వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో బీచ్ అంటే నాకు తెలిసింది సాయంత్రం ఆరింటికి వెళ్లడం, సుండల్ తినడం, బండి పెట్టడానికి చోటు దొరకలేదని తిట్టుకుంటూ ఇంటికి రావడం, అంతే. అడవి చూడాలనిపిస్తే కూర్గో కొడైకెనాలో బుక్ చేసేవాళ్లం. రోజూ ఆఫీసుకి వెళ్తూ సర్దార్ పటేల్ రోడ్డు మీద ఒక నేషనల్ పార్కు గోడ పక్కనే ట్రాఫిక్‌లో చెమటలు కక్కుతున్నానన్న సంగతి మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

ఫిబ్రవరిలో నెల్లూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. డిగ్రీలో జువాలజీ. మా ఇల్లు కొట్టివాక్కంలో, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది (అద్దెలో సగం ఆ కనిపించడానికే). వచ్చిన రోజే "మామా, మీ ఇంటి ముందు తాబేళ్లు గుడ్లు పెడతాయి, చూశావా?" అన్నాడు. అలాంటిదేమైనా ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా అన్నాను. వాడు నవ్వి, శనివారం రాత్రికి ఇద్దరి పేర్లూ రాయించేశాడు.

స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని కాలేజీ పిల్లలు 1988లో మొదలుపెట్టిన బృందం ఒకటుంది. జనవరి నుంచి సీజన్ అయిపోయేదాకా వీళ్లు రాత్రిళ్లు తీరం వెంట నడుస్తారు, వారాంతాల్లో మనలాంటి వాళ్లని కూడా తీసుకెళ్తారు. నీలాంగరై నుంచి బెసెంట్ నగర్ దాకా, సుమారు ఏడు కిలోమీటర్లు. వినడానికి ఏడే, ఇసకలో నడిస్తే పద్నాలుగు. నీళ్లు తాకి గట్టిపడిన అంచు మీద నడవమన్నారు, అక్కడ కాలు దిగబడదు. టార్చ్ వద్దు, ఫోన్ జేబులోంచి తీయొద్దు. అర్ధరాత్రి దాటాక బయల్దేరాం. ఒడ్డుకి లాగిన ఫైబర్ బోట్లు, వలల కుప్పలు, వాటి మీద పడుకున్న కుక్కలు, ఎండుచేపల వాసన. పాలవాక్కం దాటాక ఇంకో వాసన. చచ్చిన తాబేలు, ఉబ్బిపోయి ఉంది. తాబేలు నీళ్లలో బతికినా గాలి కోసం పైకి రావాలి, ట్రాలర్ (పెద్ద వల ఈడ్చుకెళ్లే మరపడవ) వలలో చిక్కితే రాలేదు, ఊపిరాడక చస్తుంది. తమిళనాడులో తీరం నుంచి అయిదు నాటికల్ మైళ్ల లోపు ట్రాలర్లు వల వేయకూడదని రూలైతే ఉంది. 2025 జనవరిలో ఈ తీరమంతా ఇలాంటి కళేబరాలు వందల్లో కొట్టుకొచ్చాయి. ఆ నెలంతా నేను బాల్కనీలో కూర్చుని కాఫీ తాగాను, ఏదో చేపల కంపు అనుకున్నాను.

ఇసకలో ట్రాక్టర్ టైరు గీసినట్టు ఒక చార కనిపిస్తే బోటు లాగిన గుర్తనుకుని దాని మీదుగా నడిచేశాను. ముందు నడుస్తున్న అమ్మాయి నన్ను ఆపింది. తాబేలు వచ్చి వెళ్లిన దారట. ఆ చార పైకి వెళ్లి, ఒకచోట ఇసక చిందరవందరై, మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ చిందరవందర చోట ఆమె సన్నటి ఊచని మెల్లగా దించుతూ, ఎక్కడ మెత్తగా దిగుతుందా అని చేత్తో కనిపెట్టింది. తర్వాత చేతులతోనే తవ్వింది, మోచెయ్యి దాటి లోపలికి. గొయ్యి అచ్చం మట్టి కూజాలా ఉంది, మెడ సన్నం, కింద బొజ్జ. తాబేలు వెనక కాళ్లతో, తిరిగి చూడకుండా ఆ ఆకారం తవ్విందంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. టేపు పెట్టి లోతు, వెడల్పు కొలిచి రాసుకున్నారు, గుడ్లని ఇక్కడ్నుంచి తీసుకెళ్లి పిల్లలయ్యేదాకా కాపాడే చోటు, అదే హ్యాచరీలో, మళ్లీ అదే కొలతలతో గొయ్యి తీయాలి కదా. ఒక గుడ్డు నా అరచేతిలో పెట్టారు. పింగ్‌పాంగ్ బంతంత, తడిగా, కాస్త నొక్కితే సొట్ట పడేలా ఉంది. దొర్లించకూడదు, తిప్పకూడదు. లెక్కపెడితే నూట పన్నెండు. ఇసకతో పాటు గుడ్డ సంచిలో సర్దారు. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుందట. ఇసక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి. "అయితే మామా, చెన్నైలో అన్నీ ఆడపిల్లలే" అన్నాడు మావాడు.

గుడ్లని అక్కడే ఎందుకు వదిలేయరు అని అడిగాను. కుక్కలు, మనుషులు ఒక ఎత్తు, లైట్లు ఒక ఎత్తు అన్నారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుగుంటే అటు పాకుతుంది. చీకటి తీరంలో అయితే ఆ వెలుగు సముద్రం వైపే. ఇక్కడ రోడ్డు వైపు. ఆ మాట చెప్తూనే ఆమె వెనక్కి తిరిగి, కొట్టివాక్కం వైపు తెల్లగా భగ్గుమంటున్న ఒక ఫ్లడ్ లైటు చూపించింది, ఈ రూట్ మొత్తానికీ ఇదే పెద్ద తలనొప్పి అంది. మావాడు నా చెవి దగ్గరికి వచ్చి "మామా, అది మీ మేడే కదా?" అన్నాడు. చీకట్లో ఎవరి ముఖం ఎవరికీ కనపడదు, అదొక్కటే అదృష్టం.

తెల్లవారుజామున బెసెంట్ నగర్ చేరాం, కాళ్లు నావి కావనిపించింది. టీ తాగి ఇంటికొచ్చి పడ్డాం. ఇక నేను రోజూ గోడ మాత్రమే చూసే ఆ గిండి నేషనల్ పార్కు మాట. మంగళవారం వెళ్లాం, మంగళవారం సెలవట, చూసుకోకపోవడం నా తప్పే. బుధవారం మళ్లీ వెళ్లాం. 1978లో నేషనల్ పార్కు అయింది, మొత్తం కలిపితే మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు, అందులోనూ మనం చూసేది పిల్లల పార్కు భాగమే. పెద్దగా ఆశలు పెట్టుకుని వెళ్లకండి. కానీ కృష్ణజింక కొమ్ములు దగ్గర్నుంచి చూడాలి, మెలికలు తిరిగి, పిండిన గుడ్డలా ఉంటాయి. మన ఆంధ్ర రాష్ట్ర జంతువుని చూడటానికి ఇక్కడ టికెట్ కొన్నాను.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లైటు సంగతి రాశాను. సీజన్లో రాత్రి పదకొండు నుంచి పొద్దున అయిదు దాకా ఆర్పేద్దాం అని. దొంగలొస్తే ఎవరిది బాధ్యత అని ఒకాయన, వ్యూ కోసమే కదా ఫ్లాట్ కొన్నది అని ఇంకొకాయన, మిగతావాళ్లు బొటనవేళ్లు. సెక్రటరీ గారు చూద్దామన్నారు. నిన్న పన్నెండింటికి బాల్కనీలోకి వెళ్తే ఇసకంతా పట్టపగల్లా ఉంది. కిందికి దిగి స్విచ్ ఎక్కడని వాచ్‌మన్‌ని అడిగాను. మోటారు రూములో ఉందట. తాళం సెక్రటరీ గారి దగ్గర.