థిబా రాజు నగలు

రత్నగిరికి జనం మామూలుగా హాపూస్ మామిడిపళ్ళ కోసం వెళ్తారు, లేకపోతే గణపతిపులే వెళ్తూ దారిలో ఆగుతారు. మేం వెళ్ళింది బర్మా చివరి రాజు థిబా ఇల్లు చూడడానికి. మేం అంటే నేనూ, మా పెద్దమ్మా. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో కొల్హాపూర్, అక్కడి నుంచి అంబా ఘాట్ మీదుగా ఇంకో 130 కిలోమీటర్ల దాకా ప్రయాణం. ఘాట్ మలుపులకి భయపడి కళ్ళు గట్టిగా మూసుకున్న పెద్దమ్మ, "ఎక్కడి బర్మా, ఎక్కడి ఊరు! అంత దూరం నుంచి తెచ్చి ఇక్కడ పడేశారా ఆయన్ని?" అంది.

ఇంగ్లీషువాళ్ళు అందుకే ఆయన్ని ఇక్కడికి తెచ్చారు. 1886లో రత్నగిరికి రైలు లేదు. కొంకణ్ రైలు మార్గం పూర్తయిందే 1998లో. రాకపోకలు ఎక్కువగా సముద్రపు దారినే, వానాకాలంలో అదీ మూతపడేది. దేశం పోగొట్టుకున్న రాజుని సొంత మనుషుల కంట పడకుండా దాచాలంటే ఇంతకన్నా మంచి చోటేముంది?

పెద్దమ్మని వెంట తీసుకెళ్ళడానికి కారణం ఉంది. వాళ్ళ అత్తగారు రంగూన్‌లో పుట్టి పెరిగిన మనిషి. 1942లో జపాన్ వాళ్ళు వచ్చిపడ్డప్పుడు అడవుల్లో పడి నడుచుకుంటూ వచ్చిన వేలమందిలో ఆవిడ ఒకరు. రవికె లోపల కుట్టుకున్న నాలుగు కాసులూ, చెవుల దుద్దులూ దారిలో బియ్యానికీ పడవకీ ఇచ్చేసి, విశాఖపట్నం చేరేసరికి మెళ్ళో పసుపుతాడుతో మిగిలారట. ఈ కథ వింటూ పెరిగిన ఇల్లు కాబట్టి, కాందిశీకుల నగలంటే పెద్దమ్మకి చెప్పక్కర్లేదు. పైగా బంగారం కొట్లో తరుగు, మజూరీల దగ్గర ఆవిణ్ణి బోల్తా కొట్టించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

థిబా ప్యాలెస్ ఊరికి ఒక పక్కగా ఎత్తు మీద ఉంది. 1910లో పూర్తయింది. ఎర్రటి గోడలు, ఏటవాలు పైకప్పులు, అర్ధచంద్రాకారపు చెక్క కిటికీలు, వాటికి రంగు అద్దాలు. దూరం నుంచి చూస్తే దర్జాగానే ఉంటుంది. లోపలికి వెళ్తే గదులన్నీ బోసిగా ఉన్నాయి. ఒక భాగంలో మ్యూజియం పెట్టారు. ఫొటోలు, కొంత సామాను ఉన్నాయి. పెద్దమ్మ ప్రతి గదిలోకీ తొంగి చూసి, "నగలేవీ?" అంది. వాచ్‌మన్‌కి తెలుగు రాకపోయినా ప్రశ్న అర్థమైనట్టుంది, నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఒక్క ఉంగరం కూడా లేదు.

అవెక్కడికి పోయాయో చెప్పాలంటే మాండలే నుంచి మొదలుపెట్టాలి. 1885 నవంబరులో బ్రిటిష్ సైన్యం జనరల్ ప్రెండర్‌గాస్ట్ చేతికింద ఐరావతి నది మీద స్టీమర్లలో ఎగువకి బయలుదేరింది. పైకి చెప్పిన సాకు టేకు కలప వ్యాపారం చేసే ఒక కంపెనీకి బర్మా దర్బారు వేసిన జరిమానా. రెండు వారాల్లో యుద్ధం ముగిసింది. నవంబరు 28న మాండలే లొంగిపోయింది. సైన్యంతో వచ్చిన రాజకీయ అధికారి కర్నల్ ఎడ్వర్డ్ స్లాడెన్‌కి మాండలే కొత్త కాదు. థిబా తండ్రి మిండాన్ కాలంలో అక్కడే రెసిడెంటుగా, అంటే దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా పనిచేశాడు. ఆ పరిచయంతోనే రాజభవనంలోకి వెళ్ళి థిబాతో లొంగుబాటు మాట మాట్లాడింది ఆయనే.

ఆ రాత్రి కోట గుమ్మాల దగ్గర సిపాయిలు మగవాళ్ళని ఆపారు గానీ ఆడవాళ్ళని వచ్చేవాళ్ళని రానిచ్చారు, పోయేవాళ్ళని పోనిచ్చారు. తెల్లారేసరికి అంతఃపురంలో చేతికందినవన్నీ మాయమయ్యాయి. దాసీలు పట్టుకెళ్ళిందెంత, ఊరివాళ్ళు పట్టుకెళ్ళిందెంత, తర్వాత సిపాయిల జేబుల్లోకి వెళ్ళిందెంత అని విడదీసి లెక్క చెప్పగలిగినవాళ్ళు అప్పుడే లేరు. మిగిలినదాన్ని ఇంగ్లీషువాళ్ళు పద్ధతిగా తీసుకున్నారు. దానికి ప్రైజ్ కమిటీ అని, యుద్ధంలో దొరికిన సొత్తు లెక్క చూసే కమిటీ ఒకటి పెట్టి, జాబితాలు రాయించి, కొన్ని వేలం వేసి, మంచివి లండన్ పంపించారు. నాకు ఆ రాత్రి జరిగిన దోపిడీ కన్నా ఈ జాబితాల మీదే ఎక్కువ కోపం. రాత్రి వచ్చిన దొంగకి తను చేస్తున్నది దొంగతనమని తెలుసు కదా.

మర్నాడు, నవంబరు 29న, రాజునీ, పట్టపురాణి సుపయాలత్‌నీ, చిన్న రాణినీ, ఇద్దరు చిన్నపిల్లల్నీ ఎద్దుల బండ్ల మీద నదీతీరానికి తీసుకెళ్ళి 'తూరియా' అనే స్టీమరు ఎక్కించారు. దారి పొడుగునా జనం నేల మీద పడి ఏడ్చారు. రంగూన్ నుంచి వాళ్ళని మద్రాసుకి చేర్చారు. మూడో కూతురు అక్కడే, 1886 మార్చిలో పుట్టింది. ఏప్రిల్‌లో రత్నగిరి వచ్చారు. నాలుగో అమ్మాయి పుట్టింది ఈ ఊళ్ళోనే.

ఇక అందరూ అడిగే కెంపు. దాని పేరు న్గమౌక్. బర్మాలోని మొగోక్ కెంపు గనుల్లో దొరికినదాన్ని, దొరికినవాడి పేరుతోనే పిలిచారు. ఆ గనుల్లో పెద్ద రాయి ఏది దొరికినా రాజుదే అని రూలు. న్గమౌక్ అనే ఆ మనిషి రాయిని రెండు ముక్కలు చేసి ఒకటి రాజుకిచ్చి రెండోది రహస్యంగా అమ్ముకున్నాడనీ, అది బయటపడితే ఆ కుటుంబాన్ని సజీవంగా తగలబెట్టారనీ బర్మాలో ఒక కథ చెప్పుకుంటారు. రాజుగారి ఖజానాకి కూడా చేతులు శుభ్రంగా లేవన్నమాట. థిబా చెప్పినదాని ప్రకారం, కోట వదిలే ముందు ఆ కెంపు ఉంగరాన్నీ, ఇంకొన్ని నగల్నీ భద్రంగా ఉంచమని స్లాడెన్‌కిచ్చాడు. మళ్ళీ కంటితో చూడలేదు. స్లాడెన్ తను తీసుకోలేదన్నాడు. ఆయనకి 1886లో సర్ బిరుదు వచ్చింది, 1890లో చనిపోయాడు. థిబా మాత్రం రత్నగిరి నుంచి జాబితాలు రాసి పంపుతూనే ఉన్నాడు. కెంపు ఈనాటికీ దొరకలేదు. బ్రిటిష్ కిరీటంలో పొదిగారని కొందరు, ముక్కలు చేసి అమ్మేశారని కొందరు అంటారు. బ్రిటిష్ కిరీటంలో ముందువైపు మెరిసే పెద్ద ఎర్రరాయి అంతకు శతాబ్దాల ముందు నుంచీ ఇంగ్లండు రాజుల దగ్గరే ఉంది, పైగా అది కెంపే కాదు, స్పైనెల్ అనే వేరే రాయి. కాబట్టి ఆ పుకారు నేను నమ్మను.

ఇదంతా ప్యాలెస్ వరండాలో కూర్చుని నేను చెప్తుంటే పెద్దమ్మ, "ఆ ఒక్క రాయి గోల సరే, వెంట తెచ్చుకున్నవి ఏమయ్యాయే?" అంది.

మంచి ప్రశ్న. నా ఉద్దేశంలో అసలు కథ అక్కడే ఉంది. ఎందుకంటే వాళ్ళు ఒట్టి చేతులతో రాలేదు. బట్టల మూటల్లో, పెట్టెల్లో కెంపులు, వజ్రాలు, బంగారు పాత్రలు కొన్ని తెచ్చుకోగలిగారు. రత్నగిరిలో సర్కారు ఇచ్చే భత్యం ఉండేది. కానీ ఆ ఇంట్లో రాజు, ఇద్దరు రాణులు, నలుగురు కూతుళ్ళు, నౌకర్లు, వాళ్ళ కుటుంబాలు. పండగలకి బహుమతులివ్వడం ఆపితే ఇక రాజెలా అవుతాడు? కూతుళ్ళకి చెవులు కుట్టే వేడుక బర్మా రాజవంశంలో పెళ్ళంత పెద్దది. చేతిలో డబ్బు ఆడక అప్పులు, అప్పులు తీర్చడానికి నగలు. ఊళ్ళో షావుకార్లకి కొనడం బాగానే తెలుసు. థిబాకి అమ్మడం తెలీదు. పుట్టాక ఎప్పుడూ ఒక వస్తువు ధర అడిగి ఉండని మనిషి, కెంపు పట్టుకుని బేరం ఏమాడతాడు? విలువలో కొద్దిపాటికే చాలా నగలు చేతులు మారాయి. తర్వాత సర్కారే కల్పించుకుని, అమ్మకాల మీద నిఘా పెట్టింది. సొంత నగ అమ్ముకోవడానికి, తన దేశాన్ని తీసుకున్నవాడి ముందు నిలబడాల్సి వచ్చింది.

"అవసరానికి అమ్మేవాడి మొహం చూడగానే కొట్టువాడికి తెలిసిపోతుంది," అంది పెద్దమ్మ. "మా అత్తగారు దుద్దులిచ్చి కొనుక్కున్న బియ్యం ఎంతో తెలుసా? రెండు డబ్బాలు." కాసేపాగి, "ఆవిడ ఆ దుద్దుల డిజైను చచ్చిపోయేదాకా కాగితం మీద గీసి చూపించేది," అంది.

మధ్యాహ్నం భోజనం తర్వాత థిబా పాయింట్‌కి వెళ్ళాం. భాట్యే వాగు సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. చూడడానికి బాగుంది, ఎండ మాత్రం మండిపోయింది. పెద్దమ్మ కొబ్బరిబోండాం దగ్గర కూలబడింది.

సమాధులు ఇంకో వైపు, ఇళ్ళ మధ్య. థిబా 1916 డిసెంబరులో చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాడు, అందులో కొత్త ప్యాలెస్‌లో గడిపింది ఆరేళ్ళే. శవాన్ని బర్మా తీసుకెళ్తామని సుపయాలత్ పట్టుబట్టింది, సర్కారు ఒప్పుకోలేదు. శవపేటికని ప్యాలెస్ ఆవరణలోనే ఉంచి, చివరికి 1919లో సమాధి చేశారు. పక్కనే 1912లో చనిపోయిన చిన్న రాణి, సుపయాలత్ సొంత చెల్లెలు. 2012 డిసెంబరులో మయన్మార్ అధ్యక్షుడు థేన్ సేన్ ఇక్కడికి వచ్చి నివాళులర్పించి వెళ్ళాడు. రంగూన్‌లో మన చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్, ఇక్కడ వాళ్ళ థిబా. ఇద్దర్నీ ఆ వైపు నుంచి ఈ వైపుకి, ఈ వైపు నుంచి ఆ వైపుకి మార్చింది ఒకే సర్కారు.

1919లోనే సుపయాలత్‌ని రంగూన్ రానిచ్చారు, మాండలే మాత్రం వద్దన్నారు. 1925లో రంగూన్‌లోనే పోయింది. పెద్ద కూతురి కథ ఈ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెకి ప్యాలెస్ ఉద్యోగి గోపాల్ సావంత్‌తో ఒక ఆడపిల్ల పుట్టింది, పేరు టూటూ. తల్లీబిడ్డలు బర్మా వెళ్ళినా, తిరిగి రత్నగిరికే వచ్చేశారు. పెద్ద రాకుమారి 1947లో ఇక్కడే పేదరికంలో చనిపోయింది. టూటూ మరాఠీ మాట్లాడుతూ, మామూలు ఇల్లాలిగా బతికి 2000లో పోయింది. మా ఆటో డ్రైవర్ ఆమె గురించి చెప్తున్నంతసేపూ "ఆజీ" (మరాఠీలో అవ్వ) అనే అన్నాడు, రాజుగారి మనవరాలని ఒక్కసారి కూడా అనలేదు.

నాలుగో కూతురు వేరే రకం. ఇంగ్లీషు బాగా నేర్చుకుంది. 1930ల మొదట్లో, తన తండ్రి నగలు తమకి తిరిగివ్వమని న్గమౌక్‌తో సహా లెక్క చెప్పి ప్రభుత్వాన్ని అడిగింది. జవాబుగా ఆమెని రంగూన్ నుంచి బర్మాలోనే ఇంకో ఊరు మౌల్మీన్‌కి పంపించేశారు. 1936లో అక్కడే చనిపోయింది. ఈ కుటుంబంలో నాకు బాగా నచ్చిన మనిషి ఈమే.

కొన్ని వస్తువులు మాత్రం ఇల్లు చేరాయి. రాజు సింహాసనాల్లో ఒకదాన్ని కలకత్తా మ్యూజియంకి తరలించారు. 1945లో మాండలే కోట బాంబులకి కాలిపోయినప్పుడు మిగతావన్నీ బూడిదయ్యాయి. కలకత్తాలో ఉన్నదొక్కటే మిగిలి 1948లో బర్మాకి తిరిగి వెళ్ళింది. "చూశారా, మేం తీసుకెళ్ళబట్టే మిగిలింది" అనేవాళ్ళకి ఇది బాగా పనికొచ్చే ఉదాహరణ. ఆ బాంబులు ఎవరివో మాత్రం వాళ్ళు చెప్పరు. బ్రిటిష్ సైన్యం మాండలేని జపాన్ నుంచి తిరిగి పట్టుకుంటున్నప్పుడే కోట కాలింది. లండన్‌కి పోయిన రాజలాంఛనాలు, రత్నాలు పొదిగిన బంగారు పాత్రలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దశాబ్దాల పాటు ఉండి, 1964లో బర్మా చేరాయి. ఇప్పుడు యాంగోన్ (పాత రంగూన్) జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. తిరిగిచ్చినందుకు కృతజ్ఞతగా బర్మా ప్రభుత్వం వాటిలోంచి ఒకదాన్ని, హంస ఆకారంలో ఉన్న బంగారు పాత్రని, లండన్ మ్యూజియంకే కానుకగా ఇచ్చింది.

కొల్హాపూర్ బస్సులో ఈ సంగతి చెప్తే పెద్దమ్మ కళ్ళు తెరిచి, "దోచుకుపోయినవాడికి మళ్ళీ సారె కూడానా!" అంది.