ఘటోత్కచుడి మాయకు హద్దు

కర్ణుడు శక్తి అనే ఆయుధాన్ని చేతికి తీసుకునే చోట ఈ రోజు నా పఠనం ఆగిపోయింది. ద్రోణపర్వాన్ని పక్కన పెట్టి, ఘటోత్కచుడి మాయకు హద్దు ఎక్కడ ఉందో చాలాసేపు ఆలోచించాను. (మన సినిమాల్లోని సరదా ఘటోత్కచుడు ఇక్కడ మచ్చుకైనా కనబడడు.)

పద్నాలుగవ రోజు యుద్ధం సూర్యాస్తమయమైనా ఆగకపోవడం అతనికి కలిసివచ్చింది, ఎందుకంటే రాత్రివేళ రాక్షసుల బలం ఇనుమడిస్తుంది. కంటికి కనబడకుండా ఆకాశం నుంచి రాళ్ళను, ఆయుధాలను కురిపిస్తూ అతడు కౌరవసేనను చెల్లాచెదురు చేశాడు. సాటి మాయావి అయిన అలాయుధుడి తలను నరికి దుర్యోధనుడి ముందు పడవేశాడు.

కర్ణుడు దివ్యాస్త్రంతో ఒక మాయను ఛేదిస్తే అతడు మరొక మాయను పన్నాడు. కాని కవచకుండలాలకు బదులుగా ఇంద్రుడు ఇచ్చిన, ఒక్కసారి మాత్రమే ప్రయోగించదగిన ఆ శక్తి, మాయనంతటినీ భస్మం చేసి అతని గుండెను చీల్చింది. అర్జునుడి కోసం దాచుకున్న ఆయుధాన్ని కర్ణుడు బయటికి తీయక తప్పని స్థితి కల్పించింది ఘటోత్కచుడి విజృంభణే కదా!

ప్రాణం పోతున్న క్షణంలో దేహాన్ని పర్వతమంతగా పెంచి, కూలుతూ ఒక అక్షౌహిణి సేనను నలిపివేయడమే, నా దృష్టిలో, అతని మాయలన్నిటిలోకీ గొప్పది.

అతడు పడగానే కృష్ణుడు ఆనందంతో అర్జునుణ్ణి కౌగిలించుకోవడం మాత్రం, కారణం తెలిసినా, నాకు మింగుడుపడదు.