పొడి పొడిగానే తిరిగిన మాల్

మిర్యాలగూడ దిక్కు వడ్ల లారీలు నడిచే రోడ్డు మీద ఒక చిన్న కాలువ బ్రిడ్జి. స్లాబు పైన కాంక్రీటు లేచిపోయి సలాకలు బయటపడ్డాయి. మామూలు కాంక్రీటుతో రెండుసార్లు అతుకేశారు, రెండుసార్లూ ఊడింది. ఈసారి డిజైనర్ 40 మిల్లీమీటర్ల మందంలో యూహెచ్‌పీసీ (అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీట్, అంటే మామూలుదానికంటే ఎన్నో రెట్లు గట్టి కాంక్రీటు) రాశారు. సైట్ ఇంజనీర్‌ని నేనే, కానీ దాన్ని అంతకుముందు కళ్లతో కూడా చూడలేదు.

వారం రోజులు చిప్పింగ్‌కే పోయింది. సుత్తితో కొడితే గుల్ల మోత వచ్చినచోటల్లా గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించాను. ముందురోజు రాత్రి తడి గోనెలు కప్పాం. పొద్దున నిలిచిన నీళ్లన్నీ తుడిచేశాం. పాత స్లాబు ఎండిపోయి ఉంటే కొత్త మాల్‌లోని నీళ్లు తాగేస్తుంది, అసలే అందులో ఉండేవి కొంచెం.

సిమెంటు, సిలికా ఫ్యూమ్ (సిమెంటు కంటే సన్నటి సిలికా పొడి) కలిపిన బరువులో నీళ్లు ఐదో వంతే. కంకర లేదు. సన్న ఇసుక, పైన ఘనపరిమాణంలో 2 శాతం స్టీల్ ఫైబర్లు, ఒక్కోటి 13 మిల్లీమీటర్లు. మామూలు ఎం30 రకం కాంక్రీటు బలం 30 మెగాపాస్కల్స్ అయితే దీనిది 120 పైనే.

మే నెల ఎండకు నీళ్లలో కొంత బదులు ఐసు వేశాం. పాన్ మిక్సర్ ఐదు నిమిషాలు తిరిగినా లోపల తడిసిన పొడే.

"సార్, ఇంకో బకెట్ పోస్తే అయిపాయె గద," అన్నాడు మేస్త్రి.

"వద్దన్నా, ఆగు," అన్నానే గానీ నాకూ గుండె దడదడే. ఎనిమిదో నిమిషం దాటాక పొడి ఉండలు కట్టింది, కాసేపటికి ఒక్కసారిగా ముద్దయి, చూస్తుండగానే చిక్కటి జావలా జారింది. ఆ బకెట్ పోసి ఉంటే బలమంతా నీళ్లపాలయ్యేది. ఫైబర్లు ఆ తర్వాతే చల్లాం.

పోయగానే దానంతటదే పరుచుకుంది. వెంటనే ప్లాస్టిక్ షీట్ కప్పాలి, లేకుంటే పైన తోలు కడుతుంది. ఒక మూల పది నిమిషాలు ఆలస్యం చేశాం, అక్కడ ముడతలు పడ్డాయి. తర్వాత గ్రైండర్ పట్టాల్సి వచ్చింది.

సెంట్రింగ్ పలకల సందులు నేను సరిగా చూడలేదు. ఒక అంచు కింద నుంచి మాల్ కారి నాలుకలా గట్టిపడింది. పాత కాంక్రీటును అలవోకగా చెక్కిన బ్రేకర్‌తోనే దాన్ని కొట్టించాను. ఉలి మొన మొద్దుబారింది. మేస్త్రి నవ్వి, "ఉండనీయండి సార్," అన్నాడు. ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.