168వ పెల్లెట్

ఆదివారం. ఏడింటికి పలాసలో బస్సు దిగి ఆటోలో మావయ్య వాళ్ల ఊరు చేరాను. ఉద్దానం లోపలికి వెళ్లేకొద్దీ రోడ్డు పక్కంతా జీడిపళ్ల వాసన. అత్తయ్య తరవాణి అన్నం, పచ్చిమిరపకాయ పెట్టింది. తింటూనే సంచిలోంచి స్కోపు, అంటే తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్బిణి, తీసి మావయ్య చేతిలో పెట్టాను.

ఇది ఆయన కోసమే కొన్నాను. కిందటేడు కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. దూరపు చూపు చక్కగా వచ్చింది కానీ, పెట్టిన లెన్సు దూరానికే సరిపోయింది. తుపాకీ మీద గురి చూసుకునే సైట్లు మసకగా కనిపిస్తున్నాయట. ఎయిర్ రైఫిల్ పట్టుకుని రెండుసార్లు గురి చూసి, ఏమీ అనకుండా గోడకి ఆనించేశారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాకు పదేళ్లప్పుడు ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం నేర్పిన మనిషి ఆయన. స్కోపులో అయితే అడ్డగీతా నిలువుగీతా గురి మీదే కనిపిస్తాయి. కన్ను మూడు చోట్లకి పరుగెత్తక్కర్లేదు.

ధర 2,200 రూపాయలు. మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. షాట్‌గన్ పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకి కూడా చెక్కుచెదరదని డబ్బా మీద రాసుంది. నా అనుమానమంతా ఆ మాట దగ్గరే.

మావయ్య సైన్యంలో పదిహేడేళ్లు చేశారు. ఇంట్లో లైసెన్సు ఉన్న పన్నెండు బోరు షాట్‌గన్, రెండు గొట్టాలది, ఉంది. ఎన్నికలు వస్తే స్టేషన్లో అప్పజెప్పడం, తర్వాత తెచ్చుకోవడం, అంతకుమించి దానికి పని పడదు. దాని మీద ఎలాగోలా కట్టి రెండు తూటాలు కాలిస్తే డబ్బా మీది మాట తేలిపోతుందేమోనని అడిగాను.

"అద్దం గట్టిదో కాదో సూడ్డానికి ఇచ్చారేటిరా లైసెన్సు?" అన్నారు.

తప్పుగా అడిగానని నాకే అర్థమైంది. ఆయన మాత్రం వెంటనే మెత్తబడి, "అయినా పన్నెండు బోరు తన్నే తట్టుకుంటే, ఈ గాలి తుపాకీ తన్ను ఓ తన్నేటి? నీకెందుకురా టెన్షన్?" అన్నారు.

భుజాన్ని అడిగితే మావయ్య మాటే నిజం. పన్నెండు బోరు తూటాలో సుమారు 28 గ్రాముల సీసం ఉంటుంది. అది సెకనుకి మూడు నాలుగు వందల మీటర్ల వేగంతో ముందుకి పోతుంటే, మూడు కిలోల పైచిలుకు తుపాకీ భుజంలోకి దూసుకొస్తుంది. మా రైఫిల్‌లో పెట్టే చిన్న గుండు, పెల్లెట్, బరువు అర గ్రాము. భుజానికి తగిలేది చిన్న తోపు, అంతే.

కానీ అద్దం సంగతి వేరు. మాది స్ప్రింగు రైఫిల్. గొట్టం విరిచి వంచినప్పుడు లోపల బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగు పావుకిలో వరకూ ఉండే పిస్టన్‌ని ముందుకి విసురుతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. మరుక్షణం పిస్టన్ గాలిని నొక్కుకుంటూ పోయి చివర టక్కున ఆగుతుంది, అప్పుడు రైఫిల్ ముందుకి కుదుపుతుంది. ఒక్క గుండుకి రెండు దెబ్బలు, ఎదురెదురు దిక్కుల్లో. మామూలు స్కోపుల్లో అద్దాల్ని ఒక దిక్కు దెబ్బకి ఆనేలా బిగిస్తారు. పెద్ద తుపాకీల మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపు స్ప్రింగు రైఫిల్ మీద కొన్ని వందల గుళ్లకే పాడైపోవడం అందుకే. ఇదంతా చెప్తే మావయ్య కాసేపు ఆలోచించి, అరచేతిలో పిడికిలిని ఇటొకటి అటొకటి కొట్టి చూసుకుని, "అయితే నడు, సూద్దాం" అన్నారు.

తోటలో గట్టుకి ఆనించి నాలుగు ఇసుక బస్తాలు పేర్చాం. గట్టు వెనక చెరువు గర్భం, ఎండిపోయి ఉంది. అయినా పనివాళ్లెవరూ లేరని మావయ్య అటు వెళ్లి చూసి వచ్చాకే మొదలుపెట్టనిచ్చారు. కళ్లద్దాలు ఇద్దరం పెట్టుకున్నాం. టేపుతో 20 మీటర్లు కొలిచి, బస్తాల మీద కాగితం అతికించాను. ఈ తోటలో పెద్ద చెట్లు తక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టినవి పోగా మిగిలినవీ, తర్వాత నాటినవీను.

స్కోపు బిగించి, ప్రతి స్క్రూ తల మీంచి కింది లోహం మీదకి అత్తయ్య గోళ్ల రంగుతో సన్నగా గీత గీశాను. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. 30 గుళ్లకి చూస్తే గీతలన్నీ బాగానే ఉన్నాయి కానీ, పట్టీలతో సహా స్కోపు మొత్తం మూడు మిల్లీమీటర్లు నా కంటి వైపు జరిగిపోయింది! ముందుకి కుదిపే రెండో దెబ్బ పని అది. రైఫిల్ ముందుకి పోతుంటే స్కోపు వెనకబడుతుంది. తప్పు స్కోపుది కాదు, అడ్డు పెట్టని నాది. వెనక పట్టీకి ఆనేలా స్టాపర్ బిగించాక మళ్లీ కదల్లేదు.

తర్వాత పెట్టెలా తిప్పే పరీక్ష: స్కోపు మీది మరలు క్లిక్కు క్లిక్కుగా తిప్పి గురిని నాలుగు మూలలకీ జరిపి, మళ్లీ మొదటి చోటికే వస్తుందో లేదో చూడడం. మధ్యలో మూడు కొట్టి, పైకి 20 క్లిక్కులు, కుడికి 20, కిందకి 20, ఎడమకి 20, ప్రతి చోటా మూడేసి గుళ్లు. ఈ దూరంలో ఒక్కో క్లిక్కు మిల్లీమీటరున్నర కంటే కాస్త తక్కువ, అంటే పెట్టె ఒక్కో వైపు మూడు సెంటీమీటర్లకి దగ్గరగా రావాలి. వచ్చింది. చివరి మూడూ మొదటి మూడింటి మీదే పడ్డాయి. 2,200 రూపాయల వస్తువు అంత నిక్కచ్చిగా తిరిగి వస్తుందని నేను అనుకోలేదు, నిజంగా సంతోషం వేసింది.

ఒక్క లోపం మాత్రం కనిపించింది. దీన్ని దూరపు గురికి తయారుచేశారు. తొమ్మిది రెట్లలో పెడితే 20 మీటర్ల కాగితం మసకబారుతోంది. నాలుగుకి తగ్గిస్తే తేటగా ఉంది.

నాలుగు మీద ఉంచి మావయ్యని కూర్చోబెట్టాను. భుజం మీది పొందూరు కండువా మడిచి ముంజేతి కింద పెట్టుకున్నారు. చాలాసేపు కాల్చలేదు. "గీత కనబడతందా మావయ్యా?" అంటే, "గీతా కనబడతంది, సుక్కా కనబడతంది. నువ్వు మాటాడకు" అన్నారు. ఐదు కొట్టారు. నాలుగు ఒక రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి, ఐదోది కొంచెం పక్కకి. లేచి నడుచుకుంటూ వెళ్లి తనే కాగితం ఊడదీసుకున్నారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగతావి నేనే కొట్టాను. పుస్తకంలో లెక్క రాసుకుంటూ, ప్రతి ఇరవైకి ఒకసారి గీతలు చూసుకుంటూ. 168వ పెల్లెట్ ఐదు సెంటీమీటర్లు కింద పడింది. చెయ్యి వణికిందేమోనని మళ్లీ కొట్టాను. పైన పడింది. ఆ తర్వాతది ఎడమకి. స్క్రూలు కదల్లేదు, స్టాపర్ కదల్లేదు. స్కోపు గొట్టాన్ని అరచేత్తో మెల్లగా తట్టి కొడితే ఇంకో చోట. స్కోపు విప్పేసి మామూలు సైటుతో ఐదు కొడితే ఐదూ ఒకేచోట. రైఫిల్ బాగానే ఉంది. గీతలున్న లోపలి చిన్న గొట్టాన్ని నెట్టి పట్టుకునే స్ప్రింగు పట్టు వదిలేసి ఉంటుంది.

పన్నెండు బోరు మీద ఇది నిలుస్తుందో లేదో ఈ పరీక్షతో తేలదు. మా రైఫిల్ మీద మాత్రం నిలవలేదు, ఒక్కరోజు కూడా. డబ్బా మీద రాసింది అబద్ధమో కాదో గానీ, ఎయిర్ రైఫిల్ అనే మాట దాని మీద ఎక్కడా లేదు. కొనేముందు నేను చూడాల్సింది అది. ఎయిర్ రైఫిల్ కోసమనే చేసి, దగ్గరి గురికి ముందు అద్దం తిప్పి సరిచేసుకునే స్కోపులు ఉన్నాయి. ఖరీదు దీనికి రెండింతల పైమాటే. వచ్చే నెల జీతానికి తీసుకుంటాను.

సాయంత్రం ఐదు కాకుండానే తోటలోంచి వచ్చేశాం. చీకటి పడితే ఎలుగులు జీడిపళ్లకి దిగుతాయి. మావయ్యకి విషయం చెప్పడానికి మనసొప్పక దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక చెప్పాను. ఆయన విన్నారు. "పోన్లేరా" అని లేచి, పొద్దున్న మడిచి జేబులో పెట్టుకున్న కాగితం తీసి, అత్తయ్యని అన్నం మెతుకు అడిగి, క్యాలెండర్ పక్కన గోడకి అతికించారు.