స్వయంభూనాథ్ మెట్ల మీద

కాశీ చూసుకుని, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటి కాఠ్మండూ చేరేసరికి మా బృందంలో అందరూ నీరసపడ్డారు, ఒక్క మా పిన్ని తప్ప. పశుపతినాథుడి దర్శనం పెళ్ళయిన కొత్త నుంచీ ఆవిడ కోరిక. బాబాయి ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక అడ్డం వచ్చి ఆగిపోయింది. ఆ రోజు తెల్లవారకముందే స్నానం చేసి కూర్చుంది.

గుడి బాగ్మతి ఒడ్డున ఉంది. రెండంతస్తుల బంగారు కప్పు, వెండి తలుపులు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, లోపల నాలుగు ముఖాల లింగం. ఏ ద్వారం ముందు నిలబడితే ఆ వైపు ముఖం కనిపిస్తుంది. లోపల అర్చన చేసే భట్టులు ఎంతో కాలంగా దక్షిణాది నుంచే వస్తున్నారని తెలిసి పిన్ని ఎంత సంబరపడిందో. "అయితే మనవాళ్ళేరా!" అంది. గంధం, పూలు, కొబ్బరిముక్కలు, కూతురి కోసం కొన్న రుద్రాక్షమాల, అన్నీ ఒక పాలిథిన్ కవరులో భద్రంగా పెట్టుకుంది.

నది దాటితే మృగస్థలి. శివుడు జింక రూపంలో తిరిగిన చోటని చెబుతారు. ఇప్పుడక్కడ ఎటు చూసినా కోతులే. ఆ చెట్ల మధ్య నుంచే గుహ్యేశ్వరి అమ్మవారి గుడికి నడిచాం. తిరుమల కొండ మీద మనం చూసే కోతులకు తోక పొడుగు, నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు ఉంటుంది. ఇవి వేరే జాతి. ఎర్రటి ముఖం, పొట్టి తోక, గట్టి ఒళ్ళు. మన తెలంగాణ ఊళ్ళల్లో ఇళ్ళ మీద పడి పెంకులు లాగేస్తున్నవాటిలో ఇవీ ఉన్నాయి. ఆ పూట మాత్రం మా జోలికి రాలేదు.

మర్నాడు స్వయంభూనాథ్. ఊరికి పడమరగా కొండ మీద స్తూపం, నాలుగు వైపులా చూసే బుద్ధుడి కళ్ళు. ఒకప్పుడు ఈ లోయంతా సరస్సట. మంజుశ్రీ అనే బోధిసత్వుడు కత్తితో కొండను చీల్చి నీళ్ళు వదిలాడని, ఆయన తలలోని పేలే ఈ కోతులయ్యాయని మా గైడ్ చెప్పాడు. పైకి 365 మెట్లు. మధ్యలో ఇనుప కమ్మీలు. పిల్లకోతులు ఆ కమ్మీల మీద జారుకుంటూ కిందికి వస్తున్నాయి, మళ్ళీ ఎక్కి మళ్ళీ జారుతున్నాయి. పిన్ని మెట్టు మీద కూర్చుని వాటినే చూస్తూ, అలుపు తీర్చుకుంటూ, కవరు ఒళ్ళో పెట్టుకుంది. ప్రసాదం హోటల్ గదిలో వదిలి రావడానికి ఆవిడకు మనసొప్పలేదు.

పెద్ద మగకోతి ఒకటి పక్క గోడ మీద నుంచి దిగింది. మెల్లగా, ఏ తొందరా లేకుండా. వచ్చి కవరు అంచు పట్టుకుంది. పిన్ని వదల్లేదు. అది నోరు గుండ్రంగా తెరిచి, చెవులు వెనక్కి పెట్టి, ఆవిడ కళ్ళల్లోకే చూసింది. కనుబొమల పైన చర్మం బిగిసి తెల్లగా మెరవడం నాకు స్పష్టంగా కనిపించింది. "వదిలెయ్ పిన్నీ, వదిలెయ్" అని నేను అంటూండగానే ఒక్క గుంజు. కవరు చిరిగింది. పిన్ని మణికట్టు మీద రెండు గీతలు పడి, రక్తం చిమ్మింది.

కొబ్బరిముక్కలు దాని బుగ్గలోకి పోయాయి. రుద్రాక్షమాలను ఒకసారి కొరికి చూసి పక్కన పడేసింది. పూసలమ్మే ఒక నేపాలీ ఆవిడ కర్రతో మెట్టు మీద టకటకా కొట్టి దాన్ని దూరంగా పంపి, మాల తెచ్చిచ్చింది. వెంటనే సబ్బు, చెంబుతో నీళ్ళు తెచ్చి "ధోతే రహో, ధోతే రహో" అంటూ పోస్తూనే ఉంది. పావుగంట కడిగాం. ఆ తల్లి పేరు కూడా అడగలేదు, కానీ ఆవిడ చేసిన మేలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

అసలు టెన్షన్ ఆ తర్వాత. పిన్ని ఆసుపత్రికి రానంది. "ఆంజనేయస్వామి చెయ్యి తగిలిందనుకుందాంరా. దీనికి ఇంజెక్షన్లేంటి?"

"స్వామి వేరు, రేబిస్ వేరు పిన్నీ. వచ్చాక దానికి మందు లేదు."

ఉలుకూ పలుకూ లేదు. చివరికి, "బాబాయి ఉంటే ఎత్తుకునైనా తీసుకెళ్ళేవాడు" అన్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

రక్తం వచ్చింది కాబట్టి టీకా ఒక్కటే చాలదని డాక్టరుగారు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా ఎక్కించారు. నొప్పికి పిన్ని శివనామం గట్టిగానే చదివింది. గీరిన రోజు ఒక డోసు, మూడో రోజు ఇంకొకటి, ఏడో రోజు మరొకటి. అక్కడే చూశాం, కుక్క కరిచినవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో. కోతి బారిన పడినవాళ్ళూ ఇద్దరు ముగ్గురున్నారు.

ఆ కోతి మీద నాకు కోపం రాలేదు. రోజూ వందల చేతులు దానికి బిస్కెట్లు, పళ్ళు అందిస్తుంటే, సంచి కనిపిస్తే తిండేనని దానికి నేర్పింది మనమే. నాకు దిగులు కలిగించేది అదే. అడవిలో వెతుక్కుని తినే ప్రాణిని మెట్ల మీద కాపు కాసేలా చేసి, అది గీరాక రాళ్ళు రువ్వుతాం. హనుమంతుడి మీద భక్తి ఉన్నవాళ్ళం, ఆ పళ్ళేవో ఆకలిగొన్న మనిషికి పెడితే స్వామి కాదంటాడా? పిన్నితో ఇదే అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. గుడికి వెళ్ళి కోతికి పండు పెట్టకుండా ఎలా వస్తామని వాదించింది.

ఏడో రోజు డోసు రాజమండ్రిలో పడింది. నేపాల్ కార్డు మీద తేదీలు విక్రమ సంవత్సరంలో ఉన్నాయి, మన లెక్కకు యాభై ఏడేళ్ళు ముందుకి. అక్కడి నర్సమ్మ తికమకపడకుండా నేను ముందే పక్కన ఇంగ్లీషు తేదీలు రాసి ఉంచాను. ఆవిడ సూది సిద్ధం చేస్తుంటే, "ఇంతకీ కోతికి ఏం పెట్టబోయారండీ?" అని అడిగింది.

"ఏమీ పెట్టలేదమ్మా, పెట్టకూడదట" అంది పిన్ని, చెయ్యి చాపుతూ.